జేబులో వెలిగిన మీటలు

పోయిన శ్రావణంలో ఒక శనివారం నేనూ మా ఇంటావిడా బీచుపల్లి పోయి, ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకు వనపర్తి తిరిగి వస్తున్నాం. పెబ్బేరు దాటేసరికి మబ్బు కమ్ముకొచ్చి, పొద్దు ఇంకా పూర్తిగా వాలకముందే చీకటి పడిపోయింది. బస్సు లోపల లైట్లు వేయడం మన డ్రైవర్లకు ఎందుకో ప్రాణం మీదికి వస్తుంది కదా, అందుకని అందరం చీకట్లోనే ఊగుతూ కూర్చున్నాం. మా పక్క సీటులో ఉన్న ముసలామె చేతిలోంచి ప్రసాదం పొట్లం జారి కింద పడినట్టుంది, నడుముకు దోపుకున్న చిన్న సంచిలోంచి ఒక మీటల ఫోను తీసి ఏదో మీట నొక్కింది. అంకెలన్నీ ఒక్కసారి వెలిగి, ఆ వెలుగు గడ్డం కిందినుంచి ఆమె ముఖం మీద పడింది. కాసేపటికి ఆరిపోయింది. ఆమె బొటనవేలితో మళ్లీ నొక్కింది, మళ్లీ వెలిగింది.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, ఇంత చల్లగా ఉందేమిటి, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగింది. పొద్దుటినుంచి సరిగా తినలేదు, అదే అయి ఉంటుందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను గానీ కింది నుంచి వెలుగు పడిన ఆ ముఖం నన్ను వదిలిపెట్టలేదు. అది ఆ ముసలామె ముఖం కాదు, చాలా ఏళ్ల కింద ఒక కరెంటు స్తంభం చివర నేను చూసిన మా బావ ముఖం. ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పని సంగతి, మా అక్కతో కూడా చెప్పని సంగతి, నా ఈడు వాళ్లు ఎవరైనా చదువుతారనే ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

నేను లైన్‌మన్‌గా చేరి లైన్‌మన్‌గానే రిటైరైన వాణ్ణి. కరెంటువాళ్లకు చీకటి కొత్త కాదు. ఊరంతా వెలుతురుగా ఉన్నప్పుడు మమ్మల్ని ఎవరూ పిలవరు, చీకటైనప్పుడే మేం గుర్తొస్తాం, గుర్తొచ్చి తిట్లు కూడా తింటాం. అటువంటి మాకు మీటల ఫోను చేతికి రావడం ఎంత సంబరమో ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. అది మాట్లాడుకోవడానికి ఎంత పనికొచ్చిందో నాకు లెక్క తెలియదు, ఎందుకంటే మా వైపు పల్లెల్లో సిగ్నల్ సరిగా ఉండేది కాదు, ఒక మాట వినపడితే రెండు మాటలు గాలికి పోయేవి. దాని వెలుతురు మాత్రం ఎప్పుడూ పనికొచ్చింది. టార్చి వెలగాలంటే సెల్లులుండాలి, అగ్గిపెట్టె వానకు తడుస్తుంది. ఫోను ఎలాగూ జేబులో ఉండేదే కాబట్టి ఒక మీట నొక్కితే అరచేతిలో చిన్న వెలుగు పుట్టేది. ఆ మీటల్లో ఐదు అంకె మీద ఒక చిన్న బొడిపె ఉండేది, గుర్తుందా? చీకట్లో వేలికి ఆ బొడిపె తగిలిందంటే మిగతా అంకెలన్నీ వాటంతట అవే దొరికేవి. మోటారు దగ్గరికి పోయే రైతులు స్టార్టర్ డబ్బా తెరిచేముందు దానితోనే లోపల తేలున్నదా పామున్నదా చూసుకునేవాళ్లు.

గద్వాలలో మా పిన్నివాళ్లది నేతపని. కోతల రోజుల్లో కరెంటు పోయిందంటే మా చిన్నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయేవాడు, ఎందుకంటే ఆ సన్నటి నూలులో ఏ పోగు తెగిందో చీకట్లో కనపడదు. మా పిన్ని మోకాళ్ల మీద కూర్చుని ఫోను మీటలను పోగుల కిందకు పెట్టి, ఆరిపోయినప్పుడల్లా బొటనవేలితో నొక్కుతూ పోతే, ఆయన ఆ వెలుగులో పోగు అతికేవాడు. పైన కిరసనాయిలు దీపం పెడితే చీర పట్టు అంచుకు మసి అంటుతుందని భయం, దీనికి ఆ భయం లేదు. ఇద్దరూ మాట్లాడుకోకుండా, వెలుగుతూ ఆరుతూ ఉన్న ఆ మగ్గం ముందు కూర్చున్నది ఒకసారి నేను గడపలోంచి చూశాను. ఆ దృశ్యం చూడ ముచ్చటగానూ ఉంది, ఎందుకో కొంచెం గుబులుగానూ ఉంది. సరే, అది వేరే సంగతి, నేను చెప్పవలసింది మా బావ గురించి.

బావ అంటే మా అక్క మొగుడు. మా శాఖలోనే లైన్‌మన్, నాకంటే పెద్దవాడు, పనిలో నాకు గురువు. గోపాల్‌పేట అవతల ఒక పల్లెలో సబ్‌స్టేషన్ కింద మేమిద్దరం ఒకే జట్టు. నాకు ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. మా నాయన కూడా అక్కడే లైన్‌మన్‌గా పనిచేసి, స్తంభం మీదనే పోయాడు. ఆయన పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఆయన తిరిగిన లైన్ల కిందనే నేనూ తిరిగాను, ఆయన సంతకం పెట్టి తీసుకున్న పానాలూ మోకులే నా చేతికీ వచ్చాయి.

ఆయన ఎలా పోయాడో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. తీగ మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అడిగి ఆ లైనులో కరెంటు ఆపించుకోవాలి. దీన్ని మేం ఎల్‌సీ తీసుకోవడం అంటాం. పని అయిపోయి, మనుషులంతా నేల మీదికి దిగాక, ఎల్‌సీ తిరిగిస్తున్నానని చెబితేనే ఆపరేటర్ మళ్లీ కరెంటు వదలాలి. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లోనే ఫోను ఉండేది. మా నాయన ఆ ఇంటి నుంచి ఎల్‌సీ తీసుకుని, ఊరి బయట గుట్ట దగ్గర స్తంభం ఎక్కాడు. ఎవరిదో వేరుశనగ ఎండిపోతూ ఉంది. ఆ తొందరలో ఎవరో అదే ఫోను నుంచి సబ్‌స్టేషన్‌కు చేసి, మా నాయన పేరు చెప్పి, పని అయిపోయింది, కరెంటు ఇయ్యమన్నారు. ఆపరేటర్ ఇచ్చాడు. ఎవరు చేశారో ఊరికి తెలుసనుకుంటాను, ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఆపరేటర్ మా నాయనకు ప్రాణ స్నేహితుడు, నేను కాకా అని పిలిచేవాణ్ణి. ఆయన మీద కేసేమీ కాలేదు, ఎవరూ ఆయన్ను నిష్ఠూరమాడలేదు, మా అమ్మ కూడా ఆడలేదు. ఆయన మటుకు ఆ తర్వాత నవ్వడం మానేశాడు. సబ్‌స్టేషన్‌లో ఆయన బల్ల మీద నల్లటి పాత ఫోను ఒకటి ఉండేది, దాన్ని ఎత్తేముందు ఒకసారి కళ్లు మూసుకునేవాడు. తీసుకున్న గొంతే తిరిగియ్యాలన్నది ఆయన పెట్టిన నియమం. ఎల్‌సీ తీసుకున్న మనిషే ఫోన్లో మాట్లాడాలి, ఆ గొంతు తనకు గుర్తుపట్టడం రావాలి, కొంచెం అనుమానమున్నా మా ఇంటిపేర్లూ పెళ్లాం పేర్లూ అడిగి మరీ కరెంటు వదిలేవాడు. పైఅధికారులు విసుక్కున్నా వినేవాడు కాదు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ నియమం కొంచెం కొంచెంగా సడలింది. మిస్‌డ్ కాల్ అనేది మనవాళ్లకు ఎంత ప్రియమైన విద్యో మీకు తెలుసు. ఇంటికి చేరామంటే మిస్‌డ్ కాల్, టీ కాయమంటే మిస్‌డ్ కాల్, బస్సు దిగామంటే మిస్‌డ్ కాల్. మా లైన్‌మన్లు కూడా ఎల్‌సీ తీసుకునేటప్పుడు మాట్లాడి, తిరిగిచ్చేటప్పుడు వరసగా రెండు మిస్‌డ్ కాల్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. నంబరు తెర మీద కనపడుతూనే ఉంది కదా, ఇంక గొంతెందుకని వాళ్ల వాదన. కాక చాలా రోజులు ఒప్పుకోలేదు. తర్వాత తర్వాత, అందరూ అదే చేస్తుంటే, సిగ్నల్ లేక మాట వినపడనప్పుడు అదే మేలని ఆయనా తల ఊపాడు. నల్ల ఫోను తీగ ఎక్కడో తెగిపోతే బాగుచేయమని అడిగినవాడు కూడా లేడు. అది బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉండిపోయింది.

ఆ ఏడు ఎండాకాలం చివర ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. రేకులు ఎగిరిపోయాయి, చింతకొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, మూడు ఊళ్లకు కరెంటు లేదు. నేనూ బావా లైను వెంబడి నడుచుకుంటూ పోయి తప్పు ఎక్కడుందో వెతికాం. చివరికి అది గుట్ట దగ్గరి స్తంభం మీద తేలింది. మా నాయన స్తంభం మీద. పొలాలకు పోయే ఆడవాళ్లు దాన్ని దాటేటప్పుడు తల మీది కొంగు సర్దుకునేవాళ్లు, ఎవరో దానికి ఎర్రగుడ్డ కూడా కట్టారు. గొర్లకాపర్లు ఆ నీడన కూర్చునేవాళ్లు కారు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, అప్పుడూ లేదు. అయినా ఆ స్తంభం వైపు తల ఎత్తి చూడడం నాకు చేతనయ్యేది కాదు, బావకు ఆ సంగతి తెలుసు. ఆ స్తంభం మీద ఏ పని పడినా ఆయనే ఎక్కేవాడు.

"నువ్వు కిందనే ఉండు బామ్మర్ది. దీని మీదికి నేను ఎక్కుత," అన్నాడు.

సిగ్నల్ కోసం పక్కనున్న పెద్ద రాతిగుండు ఎక్కి, కాకతో మాట్లాడి ఎల్‌సీ తీసుకున్నాడు. మామూలుగా అయితే తీగలకు ఎర్త్ వేసుకుని ఎక్కాలి, అప్పుడు ఎవరైనా పొరపాటున కరెంటు వదిలినా మనిషికి అపాయం ఉండదు. మా దగ్గర ఉన్నది ఒక్క జత ఎర్త్ రాడ్లు, వాటిని పొద్దున్నే ఇంకో జట్టు తీసుకుపోయింది. తీగకూ తీగకూ కలిపే చిన్న జంపర్ ముక్కే కదా, చిటికెలో అయిపోతుందని బావ అన్నాడు. టార్చి తడిసి వెలగడం లేదు. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఫోను ఒక్కటే, దాన్ని ఆయన ఖాకీ చొక్కా జేబులో వేసుకుని, మోకు భుజాన వేసుకుని ఎక్కాడు. ఆయనకు ఒక అలవాటు, ఫోను మీటలకు తాళం వేసేవాడు కాదు. తడి చేతులతో మళ్లీ రెండు మీటలు నొక్కి తాళం తీయడం ఎవడు పడతాడని ఆయన లెక్క.

పైకి పోయిన మనిషి కొంచెంసేపటికి నాకు కనపడలేదు. మబ్బు అంత దట్టంగా ఉంది. గాలి ఇంకా వీస్తూనే ఉంది, తీగలు ఊగుతూ ఒక రకమైన రొద చేస్తున్నాయి. అప్పుడు పైన ఆకుపచ్చ వెలుగు వచ్చింది. ఫోనును పళ్లతో పట్టుకుని, ఒక వేలితో మీట నొక్కినట్టున్నాడు, ఆ వెలుగులో ఆయన ముఖం ఒక్కటే కనపడింది. మెడ లేదు, ఒళ్లు లేదు, కింది నుంచి వెలిగిన ముఖం ఒకటి ఆకాశంలో ఉంది. ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. అది మా బావ అని తెలిసి కూడా నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఒక వైపు భయంగానే ఉన్నా, వెలుగు వచ్చినప్పుడల్లా మనిషి క్షేమంగా ఉన్నాడనే ధైర్యం కూడా దానితోనే వచ్చేది. కింద నిలబడ్డవాడికి పైవాడి గురించి తెలిసే సమాచారం అదొక్కటే.

తప్పు ఎక్కడో చూసుకున్నాక, రెండు చేతులూ పనికి కావాలి కాబట్టి, ఆయన ఫోనును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. గుట్టల వెనక ఎక్కడో మెరుపు మెరిసి ఆ వెలుగులో ఒక్క క్షణం అంతా తెల్లగా కనపడింది. బావ ఎద స్తంభం అడ్డకమ్మీకి ఆనించి, మోకుకు వంగి, రెండు చేతులతో తీగను పట్టుకుని ఉన్నాడు. నోట్లో బోల్టులు పట్టుకున్నాడు, పెదవులు బిగించి ఉన్నాయి. మళ్లీ చీకటి. ఆ చీకట్లో ఆయన జేబు వెలిగింది.

పలచటి ఖాకీ గుడ్డలోంచి చిన్న ఆకుపచ్చ మచ్చ కనపడుతోంది. కమ్మీ ఒత్తుకుని ఏదో మీట నొక్కుకుపోయిందని మొదట నవ్వుకున్నాను. అది ఆరిపోయింది. కొంచెంసేపటికి మళ్లీ వెలిగింది. అప్పుడు నాకు నవ్వు పోయింది. ఆ ఫోన్లలో ఆకుపచ్చ గుర్తున్న మీట రెండుసార్లు నొక్కుకుంటే ఆఖరున మాట్లాడిన నంబరుకు మళ్లీ పోతుంది. ఆఖరున మాట్లాడింది కాకతో. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది, రింగు పోతుంది, తెగిపోతుంది. ఒకసారి వెలిగి ఆరింది, రెండోసారి వెలిగి ఆరింది. కాక సెల్‌ఫోను తెర మీద మా బావ నంబరు నుంచి వరసగా రెండు మిస్‌డ్ కాల్స్ పడి ఉంటాయి. పని అయిపోయింది, మనుషులు దిగారు, కరెంటు వదలమని దానికి అర్థం.

బావా దిగు, బావా చేతులు తియ్యి అని అరిచాను, ఎంత అరిచినా గాలి ఆ అరుపును గుట్ట వైపు లాక్కుపోతోంది. రాయి తీసుకుని స్తంభాన్ని కొట్టాను. సిమెంటు స్తంభానికి రాయి శబ్దం ఎంత వస్తుంది? సబ్‌స్టేషన్‌కు పరుగెత్తుదామా అంటే అది ఊరికి అవతల ఉంది. మా అక్క గుర్తొచ్చింది. మా నాయనను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిన రోజు ఆమె ఏడవలేదు, ఆయన అరచేతులు పట్టుకుని చూస్తూ కూర్చుంది. మళ్లీ అదే వాకిట్లోకి ఇంకొకరిని నేను ఎలా తీసుకుపోవాలి, తీసుకుపోయి ఆమెతో ఏం చెప్పాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. రాయితో కొడుతూనే ఉన్నాను. తల ఎత్తి చూస్తూనే ఉన్నాను.

అప్పుడు ఆ జేబు మూడోసారి వెలిగింది. ఈసారి ఆరలేదు.

ఇక్కడ మీకు ఒకటి గుర్తు చేయాలి. ఆ ఫోన్లు మీట నొక్కితే కాస్తసేపు వెలిగి ఆరిపోయేవి, మాట్లాడుతున్నప్పుడు కూడా అంతే, చెవి దగ్గర ఉండగానే ఆరిపోయేవి. ఆ సాయంత్రం ఆ మీటలు ఆరకుండా, వణకకుండా వెలిగి ఉన్నాయి. చాలాసేపనిపించింది నాకు. నిజంగా ఎంతసేపో చెప్పలేను, భయంలో ఉన్నవాడి లెక్క నమ్మదగింది కాదు. తీగల రొద కూడా ఆగిపోయినట్టు అనిపించింది. మెరుపులో మళ్లీ చూశాను, బావ చేతులు రెండూ తీగ మీదనే ఉన్నాయి, నోట్లో బోల్టులున్నాయి. ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. జేబు మాత్రం, ఎవరో తాపీగా మాట్లాడుతున్నట్టు, వెలుగుతూనే ఉంది. తర్వాత ఆరిపోయింది.

ఏమీ కాలేదు. కరెంటు రాలేదు. బావ జంపర్ బిగించి, పానా నడుముకు దోపుకుని, తనకు తెలిసిన పాటేదో కూనిరాగం తీస్తూ దిగివచ్చాడు. కిందికొచ్చాక నన్ను చూసి, రాయి పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, పాము కనపడిందా అని అడిగాడు. నేను జేబు వైపు వేలు చూపించాను. ఆయన ఫోను తీసి చూశాడు, అర్థమైంది. గుండు ఎక్కి కాకకు ఫోను చేశాడు, నేనూ ఆయన వెనకే ఎక్కాను. కాక గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా ఉంది.

"ఇద్దరూ నేల మీదనే ఉన్నరా? మాట్లాడుండ్రి. ఒక్కొక్కలు మాట్లాడుండ్రి."

బావ మాట్లాడాడు, తర్వాత నేను మాట్లాడాను. ఇద్దరి గొంతులూ విన్నాక ఆయన ఊపిరి వదిలింది ఫోన్లో వినపడింది. ఆ మర్నాడు మిస్‌డ్ కాల్‌తో ఎల్‌సీ తిరిగివ్వడం ఇక ఉండదని, ఎవరైనా అలా చేస్తే తను కరెంటు వదలనని అన్ని జట్లకూ కబురు చేశాడు. పాత నియమమే ఆయన్ను ఆపిందని, పెద్దమనిషి తెలివిగా ఆగాడని మా బావ అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పొద్దని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

కాక రిటైరైన రోజున సబ్‌స్టేషన్‌లో చిన్న సన్మానం చేశారు. శాలువా కప్పారు, మిఠాయి పంచారు. అందరూ పోయాక ఆయన నన్ను ఒక్కణ్ణే ఆగమన్నాడు. తన బల్ల దగ్గర కూర్చుని, చేతిలోని శాలువాను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"గా గాలివాన దినం మీ బావ మిస్‌డ్ కాల్ రెండుసార్లు వచ్చింది బిడ్డా. పనైపోయింది అనుకున్న. లేసి పోయి కరెంటు ఇడిసే హ్యాండిల్ మీద చెయ్యి గూడ పెట్టిన. గప్పుడు నా ఎన్క నల్ల ఫోను మోగింది."

నేను నల్ల ఫోను వైపు చూశాను. దాని కింద ఇంకా కాగితాలున్నాయి.

"దాని వైరు తెగి గప్పటికే ఏడాదాయె. నాకు తెల్వదా?" అన్నాడు, నేను అడగకముందే. "అయినా మోగింది. ఎత్తిన. నేనింకా మీదనే ఉన్న, జర ఆగు అన్నడు. గంతే."

ఆయన నా ముఖం చూడకుండా, కిటికీలోంచి బయటి తీగల వైపు చూస్తూ అన్నాడు.

"నీ నాయిన గొంతు నాకు తెల్వకపోతే ఎవలకు తెలుస్తది. ఆయన పోయిన దినం చెప్పనీకి పాపం చేతుల ఫోను లేకుండె. ఉంటే గిదే మాట చెప్తుండె గద."

ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. అన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను నిజం చెప్పాలి, ఆ తర్వాత చాలా రోజులు ఆయన మాటకు వేరే అర్థాలు వెతుక్కున్నాను. ఆయనకు వయసైపోయింది, చెవులు మందగించాయి, ఆ స్తంభం పేరు వినగానే మనసు చెదిరి ఉంటుంది, మోగింది ఏ ఫోనో ఆయనకే గుర్తుండి ఉండదు. అన్నీ అనుకున్నాను, అన్నీ సబబుగానే ఉన్నాయి. అయితే ఆరకుండా వెలిగిన ఆ జేబు గురించి నేను కాకకు ఎన్నడూ చెప్పలేదు. ఆయనకు తెలియకుండానే ఆయన చెప్పింది నేను కళ్లతో చూసినదానికి సరిపోయింది. నేను బతుకంతా కరెంటుతో గడిపినవాణ్ణి. అది కనపడదు, వినపడదు, ఉన్నట్టే తెలియదు, ముట్టుకున్నవాడికి మాత్రమే తెలుస్తుంది. అటువంటిదాన్ని నమ్మి జీతం తీసుకున్నవాడు ఇంకొకదాన్ని లేదని గట్టిగా ఎలా అనగలడు?

బావ ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. మోకాళ్ల నొప్పులు, దవాఖాన చుట్టూ తిరగడం, మనవరాళ్లతో కీచులాట. అక్క ఆయన్ను పొద్దస్తమానం సాధిస్తూనే ఉంటుంది, వాళ్ల ఇంటికి పోయినప్పుడల్లా ఆ సాధింపులు విని నాకు కళ్లు చెమరుస్తాయి, ఎందుకో వాళ్లకు తెలియదు. ఆమెకు ఒక మొగుడు మిగిలాడు, తిట్టుకోవడానికి. అదెంత భాగ్యమో ఆమెకు చెప్పకపోవడమే మేలు.

ఎల్‌సీ పద్ధతి ఇప్పుడు పూర్తిగా మారిపోయింది. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు చూపించారు. అడగడం ఫోన్లోనే, ఇవ్వడం ఫోన్లోనే, ఏదో నంబరు వస్తుంది, ఆ నంబరు తిరిగి కొడితే తప్ప లైనులోకి కరెంటు వదలరట. అద్దంలా నున్నగా ఉన్న ఫోన్లు, తడి వేలు పెడితే పలకవు గానీ వెలుతురు మాత్రం టార్చి కంటే ఎక్కువ ఇస్తాయి. ఒకరి పేరు చెప్పి ఇంకొకరు అడగడం కుదరదు. మిస్‌డ్ కాల్‌ను నమ్ముకునే పని లేదు. అది చాలా మంచి పని, ఇంకా ముందే వచ్చి ఉంటే మా నాయన బతికేవాడు, కాక నవ్వుతూ రిటైరయ్యేవాడు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు.

గాలివాన వచ్చిన సాయంత్రాల్లో మాత్రం నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. వాకిట్లో నిలబడి, కరెంటు పోయిన ఊరి మీదుగా గోపాల్‌పేట వైపు చూస్తాను. అక్కడ ఎవరో కుర్రవాడు ఇప్పుడు స్తంభం మీద ఉండి ఉంటాడు. వాడికి నంబరు వస్తుంది, ఆపరేటర్‌కు నంబరు వస్తుంది, ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు వినకుండానే పని అయిపోతుంది. నల్ల ఫోనును ఎప్పుడో పాత సామానుతో పాటు తీసుకుపోయారట. కాక పోయి కూడా చాలా ఏళ్లయింది, ఆ గొంతును గుర్తుపట్టే మనిషి అక్కడ ఎవరూ లేరు. మా నాయన ఇంకా మీదనే ఉన్నాడేమో, ఉంటే ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటాడు?